మూడూళ్ల ముచ్చట్లు: ఉత్తగనే ఒక ఆదివారం

ఈ శీర్షిక ప్రతివారం చదివేవాళ్లకు నా సంగతి తెలిసిందే. పుట్టింది గద్వాల, మెట్టింది వనపర్తి, కొలువు నాగర్‌కర్నూల్. ఈ మూడూళ్ల మధ్య బస్సుల్లో తిరిగీ తిరిగీ కండక్టర్లకు కూడా నా కష్టసుఖాలు తెలిసిపోయాయి. కానీ ఈ వారం ముచ్చట నాది కాదు, మా అత్తమ్మది. ఇంకా చెప్పాలంటే ఆమె అడిగిన ఒక్క ప్రశ్నది.

పోయినేడు ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం మా మరిది వీడియో కాల్ చేశాడు. వాళ్లుండేది జర్మనీలోని మ్యూనిక్‌లో. మాకు సాయంత్రమైతే వాళ్లకు మిట్టమధ్యాహ్నం. పెళ్లాం పిల్లలతో ఇంగ్లీష్ గార్డెన్ అనే పెద్ద పార్కులో నడుస్తూ ఫోన్ అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నాడు. పచ్చిక మీద కూర్చున్న కుటుంబాలు, బెంచీల మీద ముసలివాళ్లు, సైకిళ్ల మీద పిల్లలు. ఆ దేశంలో ఆదివారం దుకాణాలు మూసెయ్యాలని చట్టమే ఉందట. ఇక జనం చేసేదేముంది, ఇంటిల్లిపాదీ బయట పడతారు.

మా అత్తమ్మ ఫోన్ దగ్గరికి ముఖం పెట్టి చూసింది.

"ఇయ్యాల ఆడ ఏం పండుగ రా?"

"పండుగేం లేదమ్మా. ఆదివారం."

"మరి గంతమంది యాడికి పోతుండ్రు? ఏ దేవునికాడికి?"

మరిది నవ్వాడు. "ఏ దేవుడూ లేడమ్మా. ఉత్తగనే నడుస్తుండ్రు."

కాల్ అయిపోయింది. పిల్లలు టీవీ ముందుకు పోయారు. మా ఆయన దుకాణం లెక్కల్లో పడ్డాడు. నేను గోరుచిక్కుడు గిల్లుతున్నాను. అత్తమ్మ నా ఎదురుగా కూర్చుని నాలుగు కాయలు గిల్లి ఆగింది.

"ఉత్తగనే పోవచ్చునా?" అంది.

ఆమెకు 68 ఏళ్లు. నేను ఇంటికి వచ్చిన పదహారేళ్లలో ఆమె నన్నేదీ అడగలేదు. ఆ ఒక్క మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు.

*జాతరల లెక్క*

అత్తమ్మ ఇల్లు కదలని మనిషి అనుకునేరు. అస్సలు కాదు. మా పాలమూరు వైపు ఆడవాళ్లు తిరిగినన్ని జాతరలు ఇంకెక్కడా తిరగరేమో. ఆ రాత్రి అన్నం తిన్నాక ఆమెను కూర్చోబెట్టి, ఏడాది పొడుగూ ఎక్కడెక్కడికి పోయేదో చెప్పమన్నాను. పంచాంగం అక్కర్లేదు, వేళ్ల మీద చెప్పేసింది.

సంక్రాంతికి కొల్లాపూర్ దగ్గర సింగోటం లక్ష్మీనరసింహస్వామి. మాఘ పౌర్ణమికి గద్వాల పక్కన జమ్మిచేడు జములమ్మ. హోలీ రోజుల్లో శ్రీరంగాపురం రంగనాయకస్వామి తేరు. చైత్ర పౌర్ణమికి నల్లమల లోపల సలేశ్వరం. దీపావళి వెళ్లాక కురుమూర్తి. ఆ తర్వాత మార్గశిర పౌర్ణమికి మల్దకల్ తిమ్మప్ప. కురుమూర్తి ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్నా ఆత్మకూరు, వనపర్తి వాళ్లకు అది ఇంటి జాతరే. ముంబై, పుణెలకు వలసపోయినవాళ్లు దసరాకు రాకపోయినా కురుమూర్తికి వస్తారని మా వైపు అంటారు.

ఆ కురుమూర్తి గురించే అడిగాను. అక్కడ అన్నిటికంటే గొప్ప ఘట్టం ఉద్దాల ఉత్సవం. స్వామివారి పాదుకలను ఊరేగింపుగా తీసుకొస్తారు. ఇసుక వేస్తే రాలనంత జనం. "అత్తమ్మా, ఉద్దాలు వస్తుంటే ఎట్లుంటది?" అన్నాను.

"నేనెప్పుడు సూస్తి? సప్పుడు ఇంటుంటి గంతే."

"ముప్పై సార్లు పోయినవు కదా?"

"పోయిన. పొయ్యికాడ ఉంటి."

అప్పుడు మెల్లమెల్లగా లెక్క బయటపడింది. కురుమూర్తిలో, మల్దకల్‌లో కొత్త కుండలో దాసంగం వండాలి. జములమ్మ దగ్గర యాట కోస్తే మధ్యాహ్నం దాకా కూర, సాయంత్రం దాకా గిన్నెలు. సింగోటంలో ఎడ్లబండి కింద చాప పరిచి, మూడు రాళ్లు పెట్టి, తడి కట్టెలు ఊదీ ఊదీ కళ్లు మండటం. పిల్లల్ని ఎవరు చూస్తారు? ఆమే. మామయ్య స్నేహితులొస్తే చాయ్ ఎవరు పెడతారు? ఆమే. బండలాగుడు పోటీల దగ్గర కేకలు వినపడితే ఏ ఎద్దులు గెలిచాయో ఎవరో వచ్చి చెప్పేవాళ్లు.

"ఏ జాతరకు పోయినా నేను సూసింది పొయ్యే" అంది. బాధగా కూడా అనలేదు. ఎండ బాగుంది అన్నట్టు అంది.

మా ఆయన లెక్కల పుస్తకం మూసేశాడు.

*నీళ్లు చూడ్డానికి*

మరుసటి ఆదివారానికి జూరాల అనుకున్నాం. మా అబ్బాయి మాత్రం హైదరాబాద్ మాల్ అన్నాడు. అమ్మాయి వాడి వైపే. "ఒక్కసారి నానమ్మ చెప్పినట్టు పోదాం" అని ఒప్పించాం. నిజానికి నానమ్మ ఏ చోటూ చెప్పలేదు. "నీళ్లున్న కాడికి" అంది, అంతే.

జూరాల మా మూడు జిల్లాలకూ తెలిసిన చోటే. కృష్ణమ్మ కర్ణాటక దాటి తెలంగాణలోకి వచ్చాక కట్టిన మొదటి ప్రాజెక్టు. 1981లో పని మొదలై 1995లో పూర్తయింది. ఒక ఒడ్డు గద్వాల వైపు రేవులపల్లి, ఇంకో ఒడ్డు ఆత్మకూరు వైపు నందిమల్ల. 39 మెగావాట్ల యూనిట్లు ఆరు కరెంటు తీస్తాయి. వానాకాలంలో దీని తమాషా వేరు. మా చేన్లలో చినుకు లేకపోయినా ఎక్కడో మహారాష్ట్ర కొండల్లో వాన దంచితే ఆల్మట్టి, నారాయణపూర్ దాటుకుని వరద ఇక్కడికొస్తుంది. గేట్లెత్తారని వాట్సాప్‌లో కబురు రాగానే బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ అటే.

మేం బస్సుకే పోయాం. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. ఐదుగురం ఎక్కితే డబ్బులిచ్చింది తండ్రీకొడుకులకే. అత్తమ్మ ఆధార్ కార్డు కొంగుకు ముడేసుకుని వచ్చింది. కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్‌ను మడిచి మళ్లీ అదే ముడిలో దాచుకుంది. "సున్నా రాసింది దాచుకునేదేంది అవ్వా" అని వెనక సీటు పిల్లగాడు నవ్వితే, "నా పేరు మీద ఇచ్చిండు, నేనే దాసుకుంట" అంది.

ఆత్మకూరులో దిగి ఆటో మాట్లాడుకుని డ్యామ్ చేరేసరికి పదకొండు. నీళ్ల మోత అర కిలోమీటర్ ముందే వినపడింది. తుంపర ముఖానికి కొడుతుంటే మా అమ్మాయి కేకలు. అబ్బాయి మాల్ మాట మరిచి ఫోన్ తీశాడు. అత్తమ్మ మాత్రం రెండు నిమిషాలు చూసి, సంచి దించి అందులో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"ఏం కావాలత్తమ్మా?"

"ఏం లేదు బిడ్డా. ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు."

నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. చేతులకు పనిలేకుండా నిలబడటం ఆమెకు అలవాటు లేదు. కొబ్బరికాయ లేదు, కుండ లేదు, కట్టెలు లేవు. ఎదురుగా ఇంత నీరు. చూడటమొక్కటే పని. ఆ పని ఎట్లా చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

మా ఆయన ఆమెను తీసుకుపోయి చేపల బండి దగ్గర కూర్చోబెట్టాడు. జూరాల చేపల సంగతి మీకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి కూడా వచ్చి తినిపోతారు. కళ్ల ముందే ముక్కలకు కారం పట్టించి, మరిగే నూనెలో వేసి, ఉల్లిగడ్డ, నిమ్మకాయతో ప్లేటులో పెట్టి ఇస్తారు. అత్తమ్మ మొదటి ముక్క తీసి మనవడికి పెట్టబోయింది. "నానమ్మా, నాది నాకుంది. అది నీ ప్లేట్" అన్నాడు వాడు. ఆమె ఆ ప్లేటును ఒళ్లో పెట్టుకుని ముల్లు తీసుకుంటూ, నీళ్ల వైపు చూస్తూ, గంటసేపు తిన్నది. ఒకటే మాట అంది. "ఎవరో వండిండ్రు, నేను కూసోని తింటున్న."

అంతా బాగుందని రాసి ముగించొచ్చు. కానీ అట్లా రాస్తే అబద్ధమవుతుంది. మధ్యాహ్నానికి అత్తమ్మ ముఖం వాడిపోయింది. అడిగితే చెప్పలేదు. చివరికి మా అమ్మాయి కనిపెట్టింది. నానమ్మ పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్లు తాగలేదు. దారిలో ఎక్కడ పోవాలో తెలియదని భయం. తిరుగు దారిలో ఒకచోట మరుగుదొడ్డి అని బోర్డు కనపడితే దిగాం. తాళం వేసి ఉంది. ఆ పక్క వీధిలో ఒక ఇంటావిడ మా అవస్థ చూసి "రాండమ్మా" అని లోపలికి పిలిచింది, చెంబుతో మంచినీళ్లిచ్చింది. ఆమె పేరు కూడా అడగలేదు మేం. ఈ అక్షరాలు ఆమె కంటబడితే మా దండాలు.

ఇది చిన్న విషయం కాదండీ. మన దగ్గర చూడ్డానికేముంది అంటారు గానీ, చూడ్డానికి చాలానే ఉంది. ఆడవాళ్లు పూటంతా ఉండి చూసే వీలే లేదు. ఒక శుభ్రమైన గది, ఒక నల్లా, ఒక చెట్టు నీడ, చీకటి పడకముందు ఒక తిరుగు బస్సు. ఈ నాలుగూ ఉంటే మా ఊళ్లలో ఆడవాళ్లు కూడా ఉత్తగనే బయటికొస్తారు.

*కోటలో చదివి కోట చూడని నేను*

అత్తమ్మ మీద జాలిపడుతున్న నేను పెద్ద తిరిగినదాన్ని అనుకుంటున్నారా? ఆ వారమే నా లెక్క కూడా తీసుకున్నాను.

గద్వాలలో నేను డిగ్రీ చదివిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలేజీ ఉన్నది కోటలోపలే. సోమనాద్రి కట్టించిన కోట. పండితుల్ని పోషించి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం. మూడేళ్లు ఆ కోట గుమ్మం గుండానే పోయాను, వచ్చాను. పరీక్షల ముందు చెన్నకేశవస్వామికి దండం పెట్టుకున్నాను. కానీ ఆ బురుజుల పొడవునా ఒక్క సాయంత్రం నడిచానా? లేదు. క్లాసు అయితే ఇల్లు. "కోటలో ఏం పని?" అని అడుగుతారని భయం. మా అమ్మకు ఫోన్ చేసి అడిగితే, యాభై ఏళ్లుగా గద్వాలలోనే ఉంటున్న ఆమెదీ అదే జవాబు. "గుడికి పోయొస్త గదా. ఇంకేముంటది ఆడ?"

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి. నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం చెరువు ఉంది. కట్టను బాగుచేసి, నడవడానికి వీలుగా మినీ ట్యాంక్‌బండ్ చేశారు. బడి వదిలాక బస్సుకు నలభై నిమిషాలుంటుంది. ఆరేళ్లుగా ఆ నలభై నిమిషాలూ బస్టాండ్ బెంచీ మీదే గడిపాను. కాపీలు దిద్దుకుంటూ, రాత్రికి కూరేం చెయ్యాలో ఆలోచిస్తూ. అత్తమ్మ ప్రశ్న విన్న తర్వాతి బుధవారం నేనూ, మా తోటి టీచరమ్మా ఇద్దరం కట్ట మీదికి పోయాం. పది నిమిషాలు నడిచామో లేదో, మాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఎదురొచ్చి "ఏం మేడం, ఇటొచ్చిండ్రు? ఏం పని?" అన్నాడు.

"ఏం లేదు సార్, ఉత్తగనే" అన్నాను.

ఆయన నమ్మలేదు. మా వెనక ఏదో సర్వే ఉందనుకున్నట్టున్నాడు.

*దేవుడికి చెప్పిరావడం*

అక్టోబర్‌లో శ్రీరంగాపురం పోయాం. పెబ్బేరు మీదుగా పోతే వనపర్తి నుంచి గంటలోపే. వనపర్తి రాజులు కట్టించిన రంగనాయకస్వామి గుడి, దాన్ని ఒరుసుకుని రంగసముద్రం చెరువు. వానలు పడ్డాక గోపురం నీళ్లలో పడి కదులుతుంటుంది. చెరువు కనపడగానే మా ఆయన "ఇది గుడి కదా, లెక్కలోకి రాదు" అని ఆటపట్టించాడు. అత్తమ్మ చెప్పులు విప్పి, "ఉండుండ్రి, దేవునికి చెప్పొస్త, ఇయ్యాల నీకోసం రాలేదని" అంటూ లోపలికి పోయి ఐదు నిమిషాల్లో వచ్చేసింది. తర్వాత గట్టు మీద కూర్చుని రెండు గంటలు కొంగల్ని చూసింది. ఆ రోజు ఇంట్లో వంట పెట్టలేదు. పెబ్బేరులో దిగి మిర్చి బజ్జీ, ఉగ్గాని తిని వచ్చాం.

అప్పటికి పిల్లలకూ రుచి తెలిసింది. అబ్బాయి ఖిల్లా ఘనపూర్ కోట ఎక్కాలన్నాడు. గోన గణపారెడ్డి పేరు బడిలో విన్నాడట. అమ్మాయికి ఫరహాబాద్ సఫారీలో పులి కనపడాలి. "నానమ్మా, నీకెక్కడికి?" అని అడిగితే మాత్రం, "సెప్త, సెప్త" అనేది. చెప్పడానికి ఆమెకు ఆరు నెలలు పట్టింది.

*సోమశిలలో ఆమె వెతికింది*

ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి అంది, "సోమశిల పోదామా?"

సోమశిల ఆమెకు కొత్త కాదు. కొల్లాపూర్ నుంచి పదికిలోమీటర్ల లోపే. లలితా సోమేశ్వరుడి గుడి, ముందర కృష్ణ. కార్తీకానికి, శివరాత్రికి పోయి స్నానం చేసి వచ్చేది. అందుకే మా ఆయన, "శివరాత్రి అయిపోయింది కదమ్మా, ఎండలు గూడ ముదురుతున్నయి" అన్నాడు.

"శివరాత్రికి గాదు. మా ఊరు సూసేతందుకు."

మాకెవరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. అత్తమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డు పల్లె. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లలో అదొకటి. ఆ సంగతి మాకు తెలుసు, కానీ తెలిసీ తెలియనట్టే. శ్రీశైలం నిండుగా ఉంటే నీటిమట్టం 885 అడుగులు. ఆ నీళ్ల కింద ఇటు పాలమూరులో, అటు కర్నూలులో కలిపి వంద దాకా ఊళ్లు పోయాయి. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. అప్పటికి అత్తమ్మకు పెళ్లయి వనపర్తి వచ్చేసింది, మా ఆయన ఇంకా పుట్టలేదు. తల్లిదండ్రులు ఇల్లు పీక్కుని, దూలాలు బండికెత్తుకుని వేరే చోట పాక వేసుకున్నారు. ఆ పాకకు ఆమె పుట్టింటికి పోయినట్టు పోయేదే గానీ, అది తన ఊరని ఎన్నడూ అనిపించలేదట.

గుళ్లను మాత్రం కాపాడారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. జటప్రోలు గుళ్లనూ అట్లాగే ఎత్తు మీదికి తెచ్చారు. ఆ శిల్పాలు ఈనాటికీ ఉన్నాయంటే ఆ పని చేసినవాళ్ల చలవే. అత్తమ్మ దానికీ సంతోషమే. "దేవుండ్లు బతికిరి" అంటుంది. మనుషుల ఇళ్లు ఎవరూ రాయి రాయి లెక్కపెట్టి మళ్లీ కట్టలేదు, అంతే తేడా.

ఏప్రిల్ ఎందుకన్నదో అక్కడికి పోయాక తెలిసింది. వేసవికి నీళ్లు వెనక్కి తగ్గుతాయి. అవతల సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడేది కూడా ఎండాకాలంలోనే. మేం పోయిన రోజు ఒడ్డంతా నెర్రెలిచ్చిన నల్లమట్టి, దూరంగా చేపలు పట్టేవాళ్ల గుడిసెలు, నడిమధ్య నీలంగా నీళ్లు. అత్తమ్మ గుడి వైపు తిరగనైనా లేదు. నేరుగా ఒడ్డుకు పోయి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎదుటి గుట్టల వరుసను ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ వచ్చింది. ఒకచోట ఆగింది.

"గా రెండు గుట్టల నడుమ సందు కనపడుతుందా? మా ఇంటి అరుగు మీద కూసుంటె పొద్దు ఆడనే పొడుస్తుండె."

ఊరు కనపడలేదు. నీళ్లు అంత కిందికి పోలేదు. కానీ ఆమె చేతితో చూపిస్తూ పోయింది. ఇక్కడ పుట్టి రేవు, ఇక్కడ ఇసుకలో దోసకాయ తీగలు, ఇక్కడ వేపచెట్టు కింద బాయి, ఆ బాయికాడ తాను జారిపడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నది. మా పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నానమ్మకు ఒక ఊరుందని, అక్కడ ఆమె గెంతులేసిందని వాళ్లకు ఆ రోజే తెలిసింది. నాకు తెలిసిందీ ఆ రోజే.

"మరి ఇన్నేళ్లు శివరాత్రికి వచ్చినప్పుడు కూడా దీన్నే చూసేదానివా?" అన్నాడు మా ఆయన.

"మరేంది? పుణ్యస్నానం అంటె తీస్కస్తరు. మునిగిన ఊరు సూస్తనంటె ఎవరు తీస్కస్తరు?"

ఆయన ఏమీ అనలేదు. మామయ్య చనిపోయి తొమ్మిదేళ్లు. అంతకుముందు ఆయన, తర్వాత మేము, మొత్తం నలభై ఏళ్లు. ఆమె ప్రతిసారీ దేవుడి పేరు చెప్పి, మూడు మునకలు వేసి, ఆ సందు వైపు ఒకసారి చూసి, వచ్చి పొయ్యి రాజేసుకుంది. మాలో ఎవరం కనిపెట్టలేదు.

ఏడుస్తుందేమోనని నేను దగ్గరికి పోయాను. ఏడవలేదు. "ఐస్‌క్రీం అమ్ముతుండ్రా ఈడ?" అంది.

తర్వాత పడవ పేచీ వచ్చింది. పిల్లలు ఎక్కుదామన్నారు, అత్తమ్మ వద్దంది. ఆమె భయం ఉత్తదేమీ కాదు. 2007 జనవరిలో సోమశిల దగ్గర ఇదే కృష్ణలో పుట్టి మునిగి 60 మందికి పైగా పోయారు. ఈ వైపు వాళ్లు ఆ రోజును మరిచిపోలేరు. సోమశిల నుంచి అవతల సిద్ధేశ్వరానికి వంతెన కావాలని ఏళ్లకేళ్లు అడిగితే 2022లో కేంద్రం సరేనంది. ముందు ఒక చిన్న పడవ అతను వచ్చి తక్కువకే తిప్పుతానన్నాడు. జాకెట్లేవీ అని అడిగితే "ఏం గాదు సార్, నీళ్లు తక్కువున్నయి" అన్నాడు. వద్దని పంపేశాం. ఆ తర్వాత లైఫ్ జాకెట్లున్న పడవ చూసుకుని అందరం ఎక్కాం. చీర మీద నారింజరంగు జాకెట్ వేసుకుని, పట్టీలు మనవరాలు బిగిస్తుంటే చిన్నపిల్లలా చేతులు పైకెత్తి నిలబడిన అత్తమ్మ ఫొటో ఇప్పుడు మా ఇంటి గోడ మీదుంది. మ్యూనిక్‌లో మరిది ఇంటి గోడ మీద కూడా.

పడవ ఆ గుట్టల సందుకు ఎదురుగా వచ్చినప్పుడు ఆమె చెయ్యి కిందికి పెట్టి నీళ్లను తాకింది. నెత్తిన చల్లుకోలేదు. ఉత్తగనే తాకింది.

*మా ఇంటి రూల్స్*

ఈ ఏడాదిలో మాకంటూ కొన్ని రూల్స్ పెట్టుకున్నాం. పనికొస్తాయేమో చూడండి.

నెలకొక ఆదివారం. ఎక్కడికన్నది వంతులవారీగా ఒక్కొక్కరిష్టం. పెద్దవాళ్ల వంతు మనం చెప్పేయకూడదు, వాళ్లే చెప్పేదాకా ఆగాలి. ఆరు నెలలైనా సరే.

రోజూ వంట చేసే మనిషి ఆ రోజు వండదు. టిఫిన్ డబ్బాలు సర్దడం కూడా వంట కిందే లెక్క. కొనుక్కుని తినడం బరువనుకుంటే మగపిల్లలు పులిహోర కలపడం నేర్చుకోవచ్చు. మావాడు నేర్చుకున్నాడు, ఉప్పు ఎక్కువవుతుంది గానీ తినొచ్చు.

ఆడవాళ్లు ఆధార్ మరవొద్దు. తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే కనుక్కోండి. దారిలో బాత్రూం ఎక్కడుందో ముందే అడిగి పెట్టుకోండి, ఆ మాట అడగడానికి సిగ్గుపడొద్దు. నీళ్లు తాగించి మరీ తీసుకుపోండి.

నీళ్ల దగ్గర పంతాలొద్దు. గేట్లెత్తినప్పుడు డ్యామ్ దిగువ బండల మీదికి దిగి సెల్ఫీలొద్దు. జాకెట్ లేని పడవ ఎంత చవకైనా ఎక్కొద్దు.

జాతరలు మానమని కాదు సుమా. ఈ కార్తీకంలో మేం కురుమూర్తి పోతున్నాం. దాసంగం కుండ మా ఆయనా, కొడుకూ పెడతారు. పోయినవారమే ఇంటి వెనక మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజెయ్యడం ప్రాక్టీసు చేస్తే వీధంతా పొగ. అత్తమ్మ వసారాలో కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఊదుండ్రి, ఇంకింత ఊదుండ్రి" అంటోంది. ఉద్దాలు వచ్చే దారిలో ఆమెకు మంచి చోటు చూసిపెట్టే పని నాది. ముప్పై ఏళ్లు చప్పుడే విన్నది, ఈసారి కళ్లారా చూడాలి.

మీ ఇంట్లో కూడా అడిగి చూడండి. "ఏ గుడికి పోదాం" అని కాదు, "ఉత్తగనే యాడికి పోదాం" అని. వెంటనే జవాబు రాకపోవచ్చు. అడిగి ఊరుకోకండి, వచ్చే నెల మళ్లీ అడగండి.